వలిసె పూల జీరంగి, మా ఆఫీసు కంచె

పురుగుల శాస్త్రం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, బిస్కెట్లు తిని, చివరికి ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, ఫీల్డులో అసలు పని ఎలా ఉంటుంది?" నేను అరకు లోయ చుట్టుపక్కల ఏజెన్సీలో పంటల పురుగుల మీద పనిచేసి రిటైరైనదాన్ని. నా ప్రమోషన్ల కథ చెప్పను. అవి రావలసినప్పుడు రాలేదు, వచ్చేసరికి వాటి మీద నాకే ఆశ పోయింది. దానికి బదులు ఒక జీరంగి కథ చెబుతాను. ఉద్యోగం గురించి నాకు తెలిసిన సంగతులన్నీ అందులోనే ఉన్నాయి.

ముందుగా ఒక మాట. మనం పురుగుల్ని చదువుతున్నామని అనుకుంటాం. నిజానికి చదవాల్సింది మన పై అధికారిని. ఏ పురుగు ఏ కాలంలో గుడ్లు పెడుతుందో పుస్తకాల్లో ఉంటుంది. ఏ డైరెక్టరు ఏ కాలంలో ఏ ఆలోచన పెడతాడో ఏ పుస్తకంలోనూ ఉండదు.

పురుగులమ్మ

తొంభైల మధ్యలో నన్ను అక్కడికి వేశారు. ఆడవాళ్ళు కొండలెక్కే ఉద్యోగాలు చెయ్యడం అప్పట్లో ఆఫీసువాళ్ళకి వింత. కొండవాళ్ళకి కాదు, వాళ్ళ ఆడవాళ్ళు రోజూ ఎక్కుతూనే ఉన్నారు. సంతలో నన్ను పురుగులమ్మ అనేవారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. తర్వాత దాని ఉపయోగం తెలిసింది. చింతపల్లి వైపు వెళ్ళే సర్వీసు జీపుల్లో మనుషులు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునేవాళ్ళు. నా సంచీలో పురుగుల సీసాలుంటాయని అందరికీ తెలుసు కాబట్టి నా పక్కన మాత్రం ఎప్పుడూ కాస్త ఖాళీ ఉండేది.

రైతులు నన్ను అడిగేవి రెండే. ఏటి మందు, ఎన్ని సెంచాలు. "ఇది ఏమీ చెయ్యదు, వదిలెయ్యండి" అని చెబితే నాకు చదువు రాదనుకునేవారు. ఆ మాటే ఆఫీసులో చెబితే నేను పని చెయ్యడం లేదనుకునేవారు.

బుద్రి వాలు

పాంగి బుద్రిది డుంబ్రిగుడ దాటి నడిచి వెళ్ళే ఊరు. ఆమె మొగుడు కల్లు కోసం ఎక్కిన జీలుగు చెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇంటి అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి సలహాలిచ్చేవాడు. సేద్యం మొత్తం బుద్రే చేసేది. ఊరి పైన కొండవాలులో కొంత భూమి, అందులో చోళ్ళు, సామలు, వానలు తగ్గాక నూనెగింజకి వలిసెలు. అది పోడు భూమి. చెట్లు కొట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో విత్తుకుంటారు. ఫారెస్టు వాళ్ళ లెక్కలో అది నేరం, బుద్రి లెక్కలో అది వ్యవసాయం. ఆమె అత్త, అత్తకి అత్త అక్కడే పండించారు. పట్టా మాత్రం ఎవరికీ లేదు.

నేను మొదటిసారి వెళ్ళేసరికి వలిసెలు పూతమీద ఉన్నాయి. వాలంతా పచ్చటి పసుపు. మధ్యమధ్య సగం కాలి ఎండిపోయిన మానులు నల్లగా నిలబడి ఉన్నాయి. ఎండ ముదిరాక పూల మీద చిన్న చిన్న మెరుపులు కనిపించాయి. వంగి చూస్తే జీరంగులు. మైదానంలో పిల్లలు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపే పెద్ద జీరంగి కాదు. దాని చుట్టమే, కానీ గోరులో సగం ఉంటుంది. ఆకు ముట్టదు. పూరేకులు, పుప్పొడి తింటుంది. వీపు ఆకుపచ్చ, అంచున రాగి రంగు. మన నీడ పడితే చాలు, కాళ్ళు ముడుచుకుని కిందపడి చచ్చినట్టు పడుంటుంది. ఫైలు కనబడితే మా హెడ్డు గుమాస్తా కూడా అంతే.

"ఇవి పువ్వులు తినేస్తున్నాయి బుద్రీ. పొడిమందు పంపిస్తాను, జల్లుతావా?" అన్నాను. అప్పటికి నాకు వచ్చిన పాఠం అదే.

"ఎందుకు?"

"పువ్వు పోతే గింజ పడదు కదా."

బుద్రి పొలం వైపు, పురుగు వైపు, నా వైపు చూసింది. ఏజెన్సీలో 'మీరు' అనే మాట పెద్దగా వాడరు. మంత్రి వచ్చినా నువ్వే. "దాని పొట్టెంత మేడం, నా ఒలిసెలెంత? సిలకలు గింజలే తినేత్తన్నాయి. వాటికేటి మందిత్తావు?"

నేను సీసాలో నాలుగు పురుగులు వేసుకుని కొండ దిగాను.

ఇద్దరు డైరెక్టర్లు

అప్పటి డైరెక్టరుగారికి పురుగంటే నష్టకారి. అది ఏమీ నష్టం చెయ్యకపోతే ఇంకా బయటపడలేదని ఆయన అనుమానం. నా సీసా చూసి కళ్ళు మెరిశాయి. "వలిసెలకి కొత్త శత్రువు" అని ఫైలు తెరిపించారు. పొడిమందు బస్తాలు దిగాయి. ఒక్క రైతూ తీసుకెళ్ళలేదు. అవి మా గోడౌన్లో చెద పట్టకుండా భద్రంగా ఉన్నాయి. చెదలే పట్టే ధైర్యం చెయ్యలేదనాలి. కొన్నాళ్ళకి ఆయనకి కోస్తాకి బదిలీ అయింది. అక్కడి వరిలో ఆయనకి కావలసినంత మంది శత్రువులు దొరికి ఉంటారు.

తర్వాత వచ్చినాయనకి పురుగంటే అరుదైన జీవి. ఒకసారి బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా పెట్టెల్లో గుచ్చి ఉంచిన పురుగులు చూస్తూ, ఈ జీరంగి దగ్గర ఆగి, "దీన్ని నేను ఇంకెక్కడా చూడలేదే" అన్నారు. అంతే. ఆ మాటతో మా డైరెక్టరుగారు గంగవెర్రులెత్తారు. అదే ఫైలు, అదే పురుగు. అట్ట మీద 'నష్టకారి' కొట్టేసి 'అరుదైన జీవి' అని రాయించారు. పాత అట్ట వృథా చెయ్యడమెందుకని గుమాస్తా కొత్తది వెయ్యలేదు.

"ఆయన చూడలేదంటే అరుదని కాదండీ. ఆయన ఇక్కడికి రాలేదని" అన్నాను.

"మీకు పాజిటివ్ థింకింగ్ లేదమ్మా" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట మనస్ఫూర్తిగానే రాస్తున్నాను. జీరంగి ఫోటో పెద్దది చేయించి తన బల్ల ముందు తగిలించుకున్నారు. వచ్చిన ప్రతివాడికీ చూపించి మురిసిపోయేవారు. ఆ పురుగుని ఆయన నిజంగా ప్రేమించారు. ఉద్యోగంలో నేను చూసిన నష్టాల్లో సగం ఇలాంటి ప్రేమల వల్లే జరిగాయి.

కంచె

పురుగుని కాపాడాలంటే కంచె వెయ్యాలి. ఎక్కడ? పురుగు దొరికిన చోట. అంటే బుద్రి వాలు. పై సగం చుట్టూ ముళ్ళకంచె వేద్దామన్నారు. రెవెన్యూ వాళ్ళు, ఫారెస్టు వాళ్ళు, మేము కలిసి వెళ్ళాం. పట్టా ఏదని అడిగారు. బుద్రి అటు అరుగు మీది మొగుడి వైపు, ఇటు పొలం వైపు చూసింది. చూపించడానికి ఆమె దగ్గర పొలమే ఉంది. అది చాలదన్నారు.

ఆ పై సగం పోయింది. దాంతోపాటు ఆ ఏటి సామలు పోయాయి.

డైరెక్టరుగారి మనసులో అడవంటే యూనివర్సిటీ గార్డెను. ముందు శుభ్రం చెయ్యమన్నారు. నల్లగా కాలిన మానులన్నీ కొట్టించేశారు. "జీరంగి పిల్ల పెరిగేది ఎండు కర్రలోనేనండీ. ఒక ఏడాదో రెండేళ్ళో లోపలే తొలుచుకుంటూ ఉండి, రెక్కలొచ్చాక బయటకొచ్చి పువ్వు తింటుంది. ఆ మానులు తీస్తే పురుగు రాదు" అని చెప్పాను. కాగితం మీద కూడా రాసిచ్చాను.

"చచ్చిన కర్రలో ఏం బతుకుతుందమ్మా, చెదలు తప్ప. మనది మోడల్ ప్లాటు" అన్నారు. లోపల వరసగా బంతి మొక్కలు, గులాబీలు నాటించారు. పువ్వు తినే పురుగుకి మంచి పువ్వులు పెట్టాలని ఆయన ఉద్దేశం. ముందు బోర్డు కట్టించారు. అరకులో లారీల మీద బొమ్మలేసే పెయింటరు జీరంగికి ఎనిమిది కాళ్ళు వేశాడు. ఆరే ఉంటాయి బాబూ అంటే, అటు నాలుగు ఇటు నాలుగైతేనే అందమన్నాడు.

మరుసటి ఏడు పూత కాలానికి కంచె లోపల ఒక్క జీరంగి లేదు. బంతిపూల మీద కందిరీగలు తిరుగుతున్నాయి. కంచె ఇవతల, బుద్రికి మిగిలిన కింద సగంలో, వలిసె పూల నిండా జీరంగులే. నేను సంతోషించాను. ఇక డైరెక్టరుగారికి సంగతి అర్థమవుతుందనుకున్నాను. నిజంగానే అర్థమైంది, ఆయన పద్ధతిలో.

"పురుగు కిందికి వచ్చేసిందన్నమాట. అయితే కంచె కిందికి పెంచుదాం" అన్నారు.

మందు

తర్వాతి సంతరోజున బుద్రి ఆఫీసుకి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నా బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ మందు ఇంకా ఉన్నాదా మేడం?"

"ఏ మందు?"

"మొదటి పాలి ఇత్తానన్నావు కదా. జల్లితే పురుగు సచ్చిపోద్దన్నావు."

"అప్పుడు వద్దన్నావు కదా బుద్రీ."

"అప్పుడది పువ్వు తినీది. ఇప్పుడు భూమి తింతంది." ఆమె గొంతు పెరగలేదు. "పురుగు నేకపోతే కంచి రాదు కదా. ఇయ్యి మేడం. బేగి జల్లేత్తాను. కింద సెక్క కూడా పోతే మేమేటి తినాల?"

మందు గోడౌన్లో ఉంది. తాళం నా సొరుగులో ఉంది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. ఒక పురుగుని కాపాడబోయి, దాన్ని ఏనాడూ ముట్టుకోని మనిషి చేతే చంపించే దాకా తెచ్చాం. ఈ ఘనత మా ఆఫీసుకే దక్కుతుంది.

"ఈ పూత అయ్యేదాకా ఆగు" అన్నాను.

"ఆగితే ఏటవుద్ది?"

"తెలీదు."

"తెలీకుండానే ఆగమంతన్నావా?"

"ఆగమంటున్నాను."

బుద్రి గుమ్మం వైపు నడిచింది. "సరే, పూత అయ్యేదాకా. ఆ ఎనక నువ్వొద్దు, నీ మందొద్దు. అగ్గెట్టేత్తాను. పురుగూ పోద్ది, కంచీ పోద్ది." చెప్పులు వేసుకుని సంతలోకి వెళ్ళిపోయింది.

ఇక నా ఇబ్బంది చెబుతాను. కంచె పెంచడం మీద రిపోర్టు రాయవలసింది నేనే. ఈ పురుగు ఎక్కడ పుడుతుందో, ఎందుకిక్కడే ఎక్కువో రాయాలి. నాకు తెలిసిన నిజం ఒక్కటే. బుద్రి పోడు కొట్టి, సగం కాలిన మానులు అలాగే వదిలేసి, పక్కన వలిసెలు వేసింది కాబట్టి పురుగుంది. ఆ మాట రాస్తే పోడు చేసినట్టు సర్కారు కాగితం మీద సాక్ష్యం పెట్టినట్టే. ఫారెస్టు వాళ్ళు ఆమె మీద కేసు కడతారు. రాయకపోతే కంచె దిగుతుంది. రెండు విధాలా భూమి పోతుంది. చాలా రోజులు కాగితం ముందు కూర్చుని నీళ్ళు నమిలాను. ఎవరిమీదైనా కోపం తెచ్చుకుందామన్నా ఒక్క దుర్మార్గుడు కూడా కనబడలేదు.

రాట

నేను రాయకుండా నానుస్తుండగానే హైదరాబాదు నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. డైరెక్టరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది. కంచె లోపల చూపించడానికి పురుగు లేదు. ఆయనే ఉపాయం చెప్పారు. పొద్దున్నే, పురుగులు చలికి ముడుచుకుని ఉండగా, మా సిబ్బంది బుద్రి వలిసెల్లో వాటిని ఏరి తెచ్చి బంతిపూల మీద కూర్చోబెట్టాలి. అలాగే కూర్చోబెట్టారు. ఒక్కో పువ్వుకి ఒక్కోటి, బొట్టు పెట్టినట్టు.

అధికారి వచ్చేసరికి మంచు విడిచి ఎండొచ్చింది. డైరెక్టరుగారు బంతిమడి చూపిస్తూ, "ఇక్కడ మనం కల్పించిన అనుకూల వాతావరణంలో" అని మొదలుపెట్టారు. మొదటి జీరంగి లేచింది. తర్వాత రెండోది. వాక్యం పూర్తయ్యేలోపు అన్నీ లేచి, మా నెత్తిమీదుగా, కంచె దాటి, తిన్నగా బుద్రి వలిసెల్లో దిగాయి. కంచె అవతల బుద్రి కొడవలి పట్టుకుని నిలబడి చూస్తోంది.

"ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు అధికారి.

"అదీ... వాటి ఫ్లయింగ్ రేంజ్ సార్" అన్నారు డైరెక్టరుగారు.

అధికారి నవ్వాపుకోడానికి కంచె రాట మీద చెయ్యి వేసి అటు తిరిగారు. మరుక్షణం చెయ్యి లాక్కున్నారు. అరచేతికింద ఏదో కదిలిందట. వంగి చూశాం. రాటకి సన్నటి బాదంగింజ ఆకారంలో కంత. అందులోంచి ఆకుపచ్చ తల ఒకటి బయటికి తోసుకొస్తోంది. అది మెల్లిగా ఒళ్ళంతా లాక్కుని బయటికొచ్చింది. రాట మీద ఎండలో కాసేపు కూర్చుంది. రెక్క విప్పుకుని వలిసెల్లోకి ఎగిరిపోయింది.

నేను మిగతా రాటల దగ్గరికి పరుగెత్తినంత పని చేశాను. ఎండ తగిలే వైపు చాలావాటికి అలాంటి కంతలే ఉన్నాయి. అప్పుడు తట్టింది. కంచెకి మంచి టేకు రాటలు వెయ్యాలని టెండరు. కాంట్రాక్టరు కక్కుర్తిపడి, శుభ్రం చేసే పేరుతో కొట్టిన బుద్రి మానుల్నే, సగం కాలి బెరడు కూడా తియ్యనివాటిని, తిరిగి అక్కడే పాతేశాడు. పిల్ల పురుగులు లోపల ఉండగానే. అంటే మేము మోడల్ ప్లాటంతా శుభ్రం చేసి జీరంగిని వెళ్ళగొట్టాక, దానికి మిగిలిన ఇల్లు కంచె ఒక్కటే.

"రాటలు కావాలనే ఇలాంటివి వేయించారా?" అధికారి అడిగారు.

డైరెక్టరుగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అవున్సార్. అది మా స్పెషల్ డిజైన్." వెనక నిలబడ్డ కాంట్రాక్టరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిల్లు ఆగుతుందని అంతదాకా ముఖం వేలాడేసుకున్నాడు.

ఆ రాత్రి భోజనం చెయ్యకముందే రిపోర్టు రాసేశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఈ జీరంగి, ఎండకి నిలబడి కొంత కాలిన ఎండు కర్రలో పెరుగుతుంది. ప్రస్తుతం అది కంచె రాటల్లో ఉంది. దానికి కొత్తగా భూమి అక్కర్లేదు కాబట్టి కంచె పెంచే పని లేదు. ఉన్న రాటల్ని మార్చడం, తారు పుయ్యడం, బాగుచెయ్యడం కూడదు. బంతి, గులాబీ దీనికి పనికిరావు కాబట్టి లోపల ప్రతి ఏడూ వలిసెలు వెయ్యాలి. ఆ పని వలిసెలు పండించడం వచ్చిన స్థానిక రైతుకి అప్పగించాలి. కర్రని ఎవరు కాల్చారని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డైరెక్టరుగారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు మీంచి చూశారు. "రిపేరు కూడా చెయ్యకూడదా?"

"చేస్తే పురుగు పోతుందండి."

"మరి కంచె పడిపోతే?"

"పడిన కర్రలో కూడా బతుకుతుందండి."

ఆయన గోడ మీది ఫోటో వైపు కాసేపు చూసి సంతకం పెట్టారు. ఆయన సంగతి అర్థమయ్యే పెట్టారని నా నమ్మకం. పురుగుని నిజంగా ప్రేమించారని ముందే చెప్పాను కదా. మర్నాడు గేటు తాళం బుద్రికిచ్చి, లోపల వలిసెలు వేసుకోమన్నాను. గింజ ఎవరిదని అడిగింది. పురుగు గింజ తినదు కాబట్టి నీదేనన్నాను. తాళంచెవి కొంగున ముడేసుకుంది. కొంతకాలం దాకా నా మీద నమ్మకం మాత్రం పెట్టుకోలేదు.

మీకు చెప్పాల్సింది

తర్వాత ఇంకో డైరెక్టరు వచ్చారు. ఆయనకి పురుగులకంటే సిమెంటు మీద అభిమానం. రాటలు తీసి సిమెంటు స్తంభాలు వేద్దామన్నారు. గుమాస్తా అట్ట మీద కొట్టివేతలున్న ఆ పాత ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. అరుదైన జీవి నివాసం, ముట్టరాదు. ఆయన చేతులెత్తేశారు. ఏజెన్సీ మొత్తంలో అంత గట్టి రక్షణ ఉన్న కంచె అదొక్కటే. అందుకే వానవానకీ కాస్త కాస్త ఒరిగి పూర్తిగా పడిపోయింది. ఎవరికీ దాన్ని నిలబెట్టే అధికారం లేకపోయింది.

రిపోర్టులో నిజమే రాయండి. కానీ నిజాలు చాలా ఉంటాయి. మీరు రాసే నిజం కింద ఎవరి పొలం ఉందో కొండెక్కి చూసి రాయండి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

రిటైరయ్యే ముందు వలిసెల పూతకి బుద్రి దగ్గరికి వెళ్ళాను. వాలు మొత్తం ఒకటే పసుపు. ఏది పై సగమో ఏది కింద సగమో తెలియలేదు. పడిన రాటల్ని తప్పించి చుట్టూ దున్నింది. కొన్నిటిని చిక్కుడుపాదుకి నిలబెట్టింది. ఎనిమిది కాళ్ళ జీరంగి బోర్డు మేకల కొట్టానికి తలుపైంది. జీరంగులు పూలమీద ఎప్పట్లాగే ఉన్నాయి. మొగుడు అరుగు మీంచి నాకు కూడా ఒక సలహా ఇచ్చాడు, ఎండలో తిరగొద్దని.

"రిటైరైపోతున్నాను బుద్రీ. ఇక రాను" అన్నాను.

"అయితే మా పురుగుని ఇంకెవులు సూత్తారు?"

"ఎవరూ చూడకపోతేనే దానికి మంచిదనుకుంటాను."

బుద్రి చిక్కుడుకాయలు కోసి నా సంచీలో వేస్తోంది. చెయ్యి ఆపకుండానే, "నాకూ అంతే మేడం" అంది.